చీరల కొట్టు చివర్లో, ఆసు ముందు: పోచంపల్లి నుంచి పుట్టపాక దాకా ఒక్కరోజు ప్రయాణం

[దృశ్యం: తెల్లవారుజామున విజయవాడ హైవే, కారు లోపలి నుంచి]

హైదరాబాద్ నుంచి భూదాన్ పోచంపల్లి సుమారు 50 కిలోమీటర్లు. చాలామంది నేరుగా షోరూమ్‌కి వెళ్లి, రెండు చీరలు కొనుక్కుని మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. దారానికి ముందే రంగులద్ది డిజైన్ నేసే ఆ ఇక్కత్ చీరకి అంత ధర ఎందుకో వాళ్లకి తెలిసే అవకాశమే లేదు. ఈ ప్రయాణంలో కొట్టుని ఆఖరున పెట్టుకుందాం.

ఏడింటికల్లా బయల్దేరండి. రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమవైపు తిరిగితే పోచంపల్లి దారి. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు ఇదే, పేరు ముందున్న ‘భూదాన్’ అక్కడి నుంచి వచ్చిందే.

[దృశ్యం: ఆసు చట్రం, దగ్గరగా]

మొదట చూడాల్సింది మగ్గం కాదు, రంగులద్దే ముందు దారం చుట్టే చట్రం, ఆసు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పేక దారాన్ని (గుడ్డలో అడ్డంగా వచ్చే దారం) ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఒక్కో మేకుకీ చుట్టాలి. చేత్తో చేస్తే ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని, భుజాలు పడిపోయేదీ వాళ్లకే. ఆ నొప్పి అమ్మ పడుతుంటే చూసిన ఆలేరు వాసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు: లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ బిగువు ముఖ్యం. దారం ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా చుట్టుకుంటే ఆ తేడా ఇప్పుడు కనబడదు. రంగులన్నీ అయిపోయి, నేసేటప్పుడు పువ్వు రేకు పక్కకి జరిగి బయటపడుతుంది. అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు.

[దృశ్యం: చిటికి కడుతున్న వేళ్లు]

తర్వాత చిటికి. గీత గీసుకున్నచోట సైకిల్ ట్యూబ్ కోసిన రబ్బరు పట్టీలతో పోగుల కట్టని బిగించి కడతారు. రంగు అంటకూడని చోటే కట్టు. తెల్లగా ఉండాల్సింది ముందు కట్టి పసుపులో ముంచుతారు. పసుపు ఉండాల్సింది కట్టి ఎరుపులో, ఆ తర్వాత నలుపులో. లేత నుంచి ముదురుకే, వెనక్కి రాలేం. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి తెల్ల గీత గులాబీ అవుతుంది.

రంగయ్యాక దారాన్ని కండెలకి (చిన్న గొట్టాలకి) చుట్టి, వరస తప్పకుండా పెడతారు. రెండు కండెలు తారుమారైతే ఏనుగు తొండం కాళ్ల దగ్గరికి వస్తుంది!

[దృశ్యం: గుంట మగ్గం]

మగ్గం దగ్గర నేతగాడి చేతివేళ్లు చూడండి. పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఒకసారి వెళ్లగానే ఆగి, పేకని అంచు దగ్గర కాస్త లాగి డిజైన్ సర్దుతారు. డబుల్ ఇక్కత్‌లో పడుగూ (నిలువు దారాలు) పేకా రెండూ చిటికి కట్టినవే, రెండు వైపులా కలవాలి కాబట్టి పని మరీ నెమ్మది. పట్టు పడుగు దగ్గరికి ఉంగరాలు, గాజుల చేతులు పోనివ్వకండి, ఒక్క పోగు తెగితే అతకడానికి పని ఆగుతుంది. వీధిలో చాచిన పడుగుని దాటకండి, చుట్టూ తిరిగి వెళ్లండి.

[దృశ్యం: కొయ్యలగూడెం, దుప్పట్లు]

అక్కడి నుంచి చౌటుప్పల్ వైపు. కొయ్యలగూడెంలో ఇక్కత్ దుప్పట్లు, పరుపు బట్టలు. అరగంట చాలు.

[దృశ్యం: పుట్టపాక, తేలియా రుమాల్]

సంస్థాన్ నారాయణపూర్ మండలంలోని పుట్టపాకకి మాత్రం మధ్యాహ్నమంతా ఉంచండి. చీరాలలో పుట్టిన, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాల్ ఇప్పుడు నిలిచింది ఇక్కడే. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో కలిపి వడకట్టి, ఆ క్షారపు నీళ్లలో నూనె చేర్చి, నూలు చిలపలని (దారపు కట్టలని) రోజూ అందులో పిసుకుతూ ఎండబెడతారు. ఇలా రెండు మూడు వారాలు. నూనె పోగులోకి ఇంకాక ఎరుపు గట్టిగా పడుతుంది, ఉతికినా నిలుస్తుంది. త్వరగా ముగిస్తే రంగు మచ్చలుగా అంటుతుంది. కొత్త రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. అది లోపం కాదు, ఉతుకుతుంటే తగ్గుతుంది.

[దృశ్యం: కొట్టు, కిటికీ వెలుతురులో చీర]

ఇక కొనుగోలు. చీరని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. ట్యూబ్‌లైట్ కింద మెరూన్, గోధుమరంగు ఒకటిగానే కనిపిస్తాయి. గుడ్డ తిప్పండి: ఇక్కత్‌లో రెండు వైపులా రంగు సమానం, ప్రింట్‌లో వెనక వెలవెలబోతుంది. డిజైన్ అంచు కాస్త చెదిరినట్టు, ఈకలా ఉండాలి. కత్తితో కోసినట్టుంటే అనుమానించండి. ముదురు రంగు మీద తడి తెల్ల చేతిరుమాలు రుద్దండి, రంగు దిగితే వదిలేయండి. పట్టు అంటే సిల్క్ మార్క్, చేనేత అంటే హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. అనుమానం తీరకపోతే కొంగు కుచ్చు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూడమనండి. కాలిన వెంట్రుక వాసన, వేళ్ల మధ్య పొడయ్యే బూడిద వస్తే పట్టు. కరిగి ముద్ద కడితే పాలియెస్టర్.

ఒక పడుగు మీద సాధారణంగా ఏడెనిమిది చీరలు నేస్తారు కాబట్టి, ఒకే డిజైన్‌లో ఇంకోటి కనబడితే నకిలీ అనుకోకండి. వాటి మధ్య చిన్న తేడాలుంటాయి, మీకు నచ్చింది ఎంచుకోండి.

[దృశ్యం: మిగిలిన కండె, అరచేతిలో]

బయల్దేరే ముందు మగ్గం దగ్గర మిగిలిపోయిన కండె ఒకటుందేమో అడగండి. కారులో కూర్చుని జానెడు దారం విప్పితే తెలుపు, పసుపు, ఎరుపు, మళ్లీ తెలుపు.