వెలిసిపోని రంగు కోసం: ఘనస్థితి డై లేజర్లు

సభకు నమస్కారం. అనంతపురం ఎండలో నెల రోజులు ఆరుబయట ఉన్న గుడ్డ ఎలా వెలిసిపోతుందో మనందరికీ తెలుసు. రంగు పట్టడం ఒక ఎత్తు, నిలవడం మరొక ఎత్తు అన్నది పక్కనే ఉన్న ధర్మవరంలో పట్టుకు అద్దకం వేసేవారికి నిత్యానుభవం. ఈ రోజు నేను మాట్లాడబోయే డై లేజర్, అంటే రంగు అణువుల నుంచి కాంతిని రాబట్టే లేజర్, దాని కథ కూడా అదే.

1966లో ఐబీఎంలో సొరోకిన్, లాంకార్డ్, జర్మనీలో షేఫర్ బృందం విడివిడిగా రంగు ద్రావణం నుంచి లేజర్ కాంతిని రాబట్టారు. మరుసటి ఏడే సాఫర్, మెక్‌ఫార్లండ్ రోడమైన్ 6జీ అనే రంగును పీఎంఎంఏలో, అంటే మనం యాక్రిలిక్ అని పిలిచే పారదర్శక ప్లాస్టిక్‌లో కలిపి, ఘనరూపంలోనూ అది సాధ్యమని చూపారు. మండే ద్రావణులు, పంపులు, గొట్టాలు ఏవీ అక్కర్లేని ఈ మార్గం ఉన్నా, ఆ తరవాత దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో ద్రవ డై లేజర్లదే రాజ్యం.

కారణం సూటిగా చెబుతాను. ద్రవ లేజర్‌లో ద్రావణం నిరంతరం ప్రవహిస్తుంది కనుక, ఒక పల్సుకు, అంటే క్షణకాలపు కాంతి మెరుపుకు, దెబ్బతిన్న అణువులు పక్కకు జరిగిపోయి, తరవాతి పల్సుకు కొత్తవి ఎదురు నిలుస్తాయి. పాలిమర్‌లో, అంటే ఆ ప్లాస్టిక్‌లో, ఆ వెసులుబాటు లేదు. వచ్చిన ప్రతి పల్సునూ అక్కడున్న అణువే భరించాలి. పైగా 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో ఉత్తేజపరిచి 570 దగ్గర లేజర్ కాంతిని తీసుకుంటే, ఒక్కో ఫోటాన్‌కు కనీసం 7 శాతం శక్తి వేడిగా మిగులుతుంది. పీఎంఎంఏ ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.2 వాట్లే, అల్యూమినియానిది అంతకు వెయ్యి రెట్లకు పైనే. ఆ వేడి అక్కడే నిలిచి, వక్రీభవన గుణకాన్ని తగ్గించి, కాంతిపుంజాన్ని చెదరగొడుతుంది.

నా దృష్టిలో అసలు విద్య పోతపోయడంలో ఉంది. రోడమైన్ 6జీ అయానిక పదార్థం, పీఎంఎంఏకు ముడిసరుకైన మిథైల్ మెథాక్రిలేట్ ద్రవంలో సరిగా కరగదు. అందుకని కాస్త ఇథనాల్ గానీ, హైడ్రాక్సిల్ సమూహం ఉన్న హెమా అనే మరో ముడి ద్రవం (మోనోమర్) గానీ చేరుస్తారు. పాలిమరీకరణను, అంటే ఆ ద్రవం ప్లాస్టిక్‌గా గట్టిపడటాన్ని, మొదలుపెట్టడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ వాడితే అది రంగునే ఆక్సీకరించి పాడుచేయగలదు కాబట్టి, రంగు విషయంలో అదే పని చేసే ఏఐబీఎన్ అనే రసాయనం మేలు. తొందరపడి వేడి పెంచితే బుడగలు వస్తాయి. గట్టిపడేటప్పుడు ఘనపరిమాణం దాదాపు 20 శాతం తగ్గుతుంది కనుక, లోపల ఒత్తిళ్లు మిగలకుండా తక్కువ వేడిలో రోజుల తరబడి ఓపిక పట్టవలసిందే.

రంగును నిలబెట్టడానికి దారులు లేకపోలేదు. పాలిమర్‌ను బిళ్లగా చేసి తిప్పితే ప్రతి పల్సూ కొత్త చోట పడుతుంది. పైరోమెథీన్ అనే మరో రకం లేజర్ రంగుల విషయంలో, ఉత్తేజిత అణువు నుంచి శక్తిని అందుకుని చురుకెక్కిన ఆక్సిజన్ ఆ అణువునే తినేస్తుంది. పాలిమర్ నుంచి ముందుగానే ఆక్సిజన్‌ను తొలగిస్తే ఆయుష్షు స్పష్టంగా పెరుగుతుంది.

ఇక్కడి విద్యార్థులకు ఒక్క మనవి. మీ నమూనా ఇచ్చే లేజర్ శక్తి ఎన్ని పల్సులకు సగానికి పడిపోయిందో మాత్రమే రాసి ఊరుకోకండి. పల్సు శక్తి, వెలుగు పడిన వైశాల్యం, రంగు గాఢత మారితే ఆ అంకె కూడా మారిపోతుంది. ఒక మోల్ రంగు ఎన్ని గిగాజౌళ్ల శక్తిని గ్రహించాక వెలిసిపోయిందో లెక్కకట్టి రాయండి. అప్పుడే మీ యాక్రిలిక్ ముక్కను మరొకరి ముక్కతో పోల్చి చూడగలం.