చంద్రుడొక్కడే, పోటు వేళలు ఊరికొకటి

అందరికీ నమస్కారం. సముద్రానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో ఆటుపోట్ల మీద ఉపన్యాసమేంటని ఒకరిద్దరు నవ్వారు. కానీ దేశానికి సునామీ హెచ్చరికలు వెళ్లేది మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) నుంచే. పైగా లాంగ్ వీకెండ్ వస్తే సూర్యలంక బీచ్‌లో ఎటు చూసినా తెలంగాణ నంబర్ బళ్లే.

చంద్రుడు నీళ్లను లాగుతాడు, పోటు వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి రోజుకు రెండు పోట్లెందుకు? చంద్రుడు తనవైపున్న నీటిని భూమి కేంద్రం కన్నా కాస్త ఎక్కువగా, అవతలి నీటిని కాస్త తక్కువగా లాగుతాడు. ఆ తేడా వల్లే రెండు వైపులా ఉబ్బు. హుస్సేన్ సాగర్‌లో ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ ఆ తేడా దాదాపు సున్నా, అందుకే దానికి పోటూ లేదు, ఆటూ లేదు. తమాషా ఏంటంటే, మనం కూర్చున్న ఈ నేల మాత్రం రోజుకు రెండుసార్లు ఒక అడుగు ఎత్తు దాకా లేచి దిగుతుంది. దాంతో పాటే మనమూ లేస్తాం కాబట్టి తెలియదు.

చంద్రుడు మళ్లీ నడినెత్తికి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ పొద్దున 8కి పోటైతే రేపు 8.50 ప్రాంతంలో వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ సూర్యుడు కలిసొస్తాడు కాబట్టి ఒకటి రెండు రోజుల తేడాలో పెద్ద పోట్లు. అష్టమి దగ్గర చిన్నవి.

అయితే చంద్రుడు నెత్తిమీదికి రాగానే పోటు రాదు. ఖండాలు అడ్డం, లోతులు వేరు. బకెట్ మోసుకెళ్తుంటే నీళ్లు ఊగినట్టు ప్రతి సముద్రం దాని లయలో అది ఊగుతుంది. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా మీటరున్నర దగ్గర, గుజరాత్ భావ్‌నగర్‌లో 10 మీటర్లు దాటుతుంది! అందుకే సర్వే ఆఫ్ ఇండియా రేవు రేవుకూ వేరే పట్టిక వేస్తుంది.

పట్టికలో ‘పోటు 9.10, 1.5 మీటర్లు, ఆటు 3.20, 0.3’ అని ఉందనుకోండి. ఆ 1.5 మీరు నిలబడ్డ చోట లోతు కాదు, సముద్ర పటాల్లో లోతులు కొలిచే అట్టడుగు మట్టం నుంచి ఎత్తు. నీరు గంటగంటకూ ఒకేలా పెరగదు కూడా. ఆరు గంటల పెరుగుదలలో సగం నడిమి రెండు గంటల్లోనే అయిపోతుంది. ఒడ్డున చాప పరుచుకున్నవాళ్ల చెప్పులు కొట్టుకుపోయేది అప్పుడే. కారు ఇసుకలోకి దింపే మహానుభావులకు ఇక చెప్పక్కర్లేదు.

పట్టికకు చంద్రుడూ సూర్యుడూ తెలుసు, వాయుగుండం తెలియదు. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం సెంటీమీటరు లేస్తుంది. గాలి తోసుకొచ్చే నీరు దానికి ఎన్నో రెట్లు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది ఆ ఉప్పెనే. అది పోటు వేళకు వస్తే రెండూ కలుస్తాయి. కాబట్టి తుపాను రోజుల్లో పట్టిక పక్కన పెట్టి ఇన్‌కాయిస్, వాతావరణ శాఖ బులెటిన్లు చూడండి.

ఇక ప్రశ్నలు. ఈ పున్నమికి వైజాగ్ టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు ముందు అడగండి.