ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మొరాయించినప్పుడు

అందరికీ నమస్కారం. ఒక కంప్యూటర్ నుంచి ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) డెస్క్‌టాప్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్, అంటే నెట్‌వర్క్ మీదుగా మరో యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి, ద్వారా లాగిన్ కాలేకపోతే చాలామంది చేసే మొదటి పని కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి చేతికందిన వరుసల్లా మార్చడం. నా మనవి ఒక్కటే: తెర మీద వచ్చిన ఎర్రర్‌ను ముందు చదవండి, తప్పు ఎక్కడుందో సగం అదే చెబుతుంది.

‘కనెక్షన్ రెఫ్యూజ్‌డ్’ అని వచ్చిందంటే మన పిలుపు సాధారణంగా ఆ యంత్రం దాకా వెళ్లింది, కానీ ఆ పోర్టు (ఒక్కో సర్వీసుకు కేటాయించిన తలుపు నంబరు) దగ్గర పలికేవారు లేరు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా బయటికి పిలిచే క్లయింటు మాత్రమే ఉంటుంది, పిలుపు అందుకునే సర్వర్ ప్యాకేజీని మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ‘టైమ్‌డ్ అవుట్’ అంటే అసలు జవాబే రాలేదు. ఐపీ అడ్రస్ తప్పు కావచ్చు, లేదా ఫైర్‌వాల్ ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తూ ఉండవచ్చు.

పోర్టు సంగతిలో ఒక చిక్కుంది. 1995లో ఫిన్లాండ్‌లో టాటూ ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసినప్పుడు, పాత సర్వీసులైన ఎఫ్‌టీపీ పోర్టు 21కీ, టెల్నెట్ పోర్టు 23కీ నడుమ ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నారు. గతంలో దాన్ని మార్చాలంటే కాన్ఫిగరేషన్ ఫైలులో అంకె మార్చి సర్వీసును రీస్టార్ట్ చేస్తే సరిపోయేది. ఉబుంటు 22.10 వెర్షన్ నుంచి పోర్టును పట్టుకునేది సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ తాలూకు సాకెట్, అందుకే 24.04 వెర్షన్‌లో అంకె మార్చాక సిస్టమ్‌డీ సెట్టింగులను మళ్లీ చదివించే డెమన్ రీలోడ్ చేసి, ఆ సాకెట్‌నే రీస్టార్ట్ చేయాలి.

‘పర్మిషన్ డినైడ్’ను నేను శుభవార్తగానే భావిస్తాను, ఎందుకంటే నెట్‌వర్క్, సర్వీసు రెండూ బాగున్నాయని దాని అర్థం. ఒకసారి ల్యాబ్‌లో ఒక విద్యార్థి రెండు గంటల పాటు కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే గుర్తింపు ఫైళ్లు) సృష్టించడం, చెరిపేయడం, మళ్లీ సృష్టించడం చేస్తూ కూర్చున్నాడు. క్లయింటు వైపు కారణం కనిపించదు, తలుపు తట్టే అపరిచితుడికి వివరాలు చెప్పకూడదు కదా. డెస్క్‌టాప్ దగ్గరికి వెళ్లి సిస్టమ్ సందేశాలుండే జర్నల్ లాగ్ తెరిస్తే ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ (యజమాని లేదా అనుమతులు సరిగా లేవు) అన్న వరుస కనిపించింది. అంతకుముందు ఇంకేదో పని కోసం అతడు తన హోమ్ డైరెక్టరీకి 777 అనుమతులు, అంటే ఎవరైనా చదివి రాయగల అనుమతులు, ఇచ్చేశాడు. ఇతరులు రాయగలిగే చోట ఉన్న కీని ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు. హోమ్ డైరెక్టరీ మీద ఇతరుల రాత అనుమతి తీసేసి, కీలుండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ డైరెక్టరీకి 700, అనుమతించిన కీల జాబితా అయిన ఆథరైజ్‌డ్ కీస్ ఫైలుకు 600 (రెండూ యజమానికి మాత్రమే) పెట్టగానే లాగిన్ అయింది.

ఇంకొక మాట. చివర రాసిందే చెల్లుతుందని మనకు అలవాటు, కానీ ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగరేషన్‌లో చాలా సెట్టింగులకు మొదట కనిపించిన విలువే నిలుస్తుంది. ఉబుంటులో ప్రధాన ఫైలు ఆరంభంలోనే అనుబంధ డైరెక్టరీ ఫైళ్లు చేరతాయి కనుక, మీరు కింద ‘యెస్’ అని రాసినా పైన ఎవరో రాసిన ‘నో’ గెలుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద ‘టీ’ ఆప్షన్ ఇస్తే నిజంగా అమల్లో ఉండే విలువలు కనిపిస్తాయి. చిన్న ‘టీ’ ఇస్తే ఫైలులోని తప్పులు బయటపడతాయి. దూరం నుంచి పని చేస్తున్నప్పుడు మాత్రం రీస్టార్ట్ చేశాక రెండో టెర్మినల్‌లో కొత్త లాగిన్ అయ్యేదాకా పాత సెషన్‌ను మూయకండి.