సర్క్యూట్స్ ల్యాబ్ రిపోర్ట్: మీటర్ చూపించిందే రాయండి

(టేబుల్ మీద బ్రెడ్ బోర్డు, రెండు రెసిస్టర్లు, మల్టీమీటర్, పక్కనే తెరిచిన రికార్డు)

అందరికీ నమస్కారం. తిరుపతి బాలాజీ కాలనీలో నా రూమ్ నుంచి మాట్లాడుతున్నాను. రేపు సబ్మిషన్ పెట్టుకుని సీనియర్ రికార్డు జిరాక్స్ తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ కాగితాలు కాసేపు పక్కన పెట్టి ఇది చూడండి.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. 10 వోల్టుల సప్లై, సిరీస్‌లో 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్లు, పెద్దదాని మీద వోల్టేజ్ కొలవాలి. లెక్క వేస్తే (10 × 2.2 / 3.2) 6.875 వస్తుంది, మీటర్‌లో మాత్రం 6.81 వచ్చింది. తప్పు చేశానేమోనని టెన్షన్ పడి రీడింగ్ గడిలో కూడా 6.875 అనే రాసేశాను. మేడమ్ చూసి ఒకే మాట అడిగారు: "ఈ మీటర్ 20 వోల్టుల రేంజ్‌లో పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు చూపిస్తుంది బాబూ?" రెండే చూపిస్తుంది. మరి ఆ చివరి 5 ఎక్కడి నుంచి వచ్చింది? నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నిజంగా వచ్చిన 6.81 సరైన రీడింగే, అందులో చెప్పుకోవడానికి బోలెడంత విషయం ఉంది, దాన్ని నా చేతులతో నేనే కొట్టేశాను, అదే ఇప్పటికీ బాధ.

(మీటర్ దగ్గరగా)

ఇప్పుడు అదే ప్రయోగం సరిగ్గా చేద్దాం. కనెక్షన్ ఇవ్వకముందే రెసిస్టర్లను విడిగా కొలవండి. రెసిస్టర్ మీద బంగారు రంగు పట్టీ అంటే 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని, అంటే 1 కిలో ఓమ్ అని అమ్మింది 950 నుంచి 1050 దాకా ఎంతైనా ఉండొచ్చు. నా దగ్గరివి 0.985, 2.17 కిలో ఓమ్ ఉన్నాయి. ఆర్‌పీఎస్ (సర్క్యూట్‌కి వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటెడ్ పవర్ సప్లై) డిస్‌ప్లే 10 అంటోంది కానీ మల్టీమీటర్ పెడితే 9.92. ఈ మూడు అసలు విలువలతో మళ్లీ లెక్క వేస్తే 6.82 వస్తుంది. చూశారా, ఇందాక దాదాపు 1 శాతం ఉన్న తేడా 0.2 శాతానికి తగ్గింది. మీ టేబుల్లో రెండు లెక్కలూ ఉండాలి, రెసిస్టర్ మీద ఉన్న విలువతో ఒకటి, కొలిచిన విలువతో ఒకటి.

థియరీకి రెండు పేజీలు అక్కర్లేదు. కిర్కాఫ్ 1845లో చెప్పిన వోల్టేజ్ నియమాన్ని మీకు అర్థమైనట్టు నాలుగు వాక్యాల్లో రాయండి. అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమల వెళ్లి, బస్సులో ఘాట్ రోడ్డు మీదుగా మళ్లీ అలిపిరికే వస్తే, దారి వేరైనా ఎక్కినంత ఎత్తూ దిగాల్సిందే కదా, సర్క్యూట్‌లో లూప్ చుట్టి వచ్చినా వోల్టేజ్ సంగతి అంతే, సప్లై ఇచ్చినంతా రెసిస్టర్ల మీద పడిపోవాల్సిందే. చిన్న రెసిస్టర్ మీద 3.10 వచ్చింది, 6.81తో కలిపితే 9.91, సప్లై 9.92. ఆ 0.01 మీటర్ చూపించగలిగే చిట్టచివరి అంకె. ఈ ఒక్క వరుస చాలు, నియమం సరిచూశారని నమ్మడానికి.

ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్ మీ మాన్యువల్లో ఉన్న వరుసలోనే పెట్టేయండి, కాకపోతే ప్రొసీజర్‌లో ఏ రేంజ్‌లో కొలిచారో తప్పకుండా రాయాలి.

ప్రికాషన్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ప్రతి రికార్డులో "పారలాక్స్ ఎర్రర్ లేకుండా రీడింగ్ తీసుకోవాలి" అని కనిపిస్తుంది. అది ముల్లు ఉన్న మీటర్‌కి. కన్ను పక్కకి ఉంటే ముల్లు వేరే గీత మీద ఉన్నట్టు కనిపిస్తుంది. డిజిటల్ మీటర్‌కి ముల్లే లేదు, ఇక పారలాక్స్ ఎక్కడిది?

"హ్యూమన్ ఎర్రర్ వల్ల తేడా వచ్చింది" అని రాయడం కూడా ఆపేద్దాం. ఎవరు ఏం చేశారో అది చెప్పదు.

(రెసిస్టర్లు మారుస్తూ)

అసలు ఎర్రర్ అంటే ఎలా వెతకాలో చూపిస్తాను. ఈసారి రెండూ 1 మెగా ఓమ్ రెసిస్టర్లు, ముందే కొలిచి సరిసమానంగా ఉన్నవి ఏరాను, సప్లైని మీటర్‌తో చూసి 10.00కి పెట్టాను. ఒక్కోదాని మీద సగం, అంటే 5 వోల్టులు రావాలి. మీటర్ 4.76 అంటోంది. కనెక్షన్ గట్టిగానే ఉంది, రెసిస్టర్లు మంచివే. కారణం మీటరే. దాని లోపల 10 మెగా ఓమ్ నిరోధం ఉంది, ప్రోబ్‌లు ఆనించగానే అది మనం కొలుస్తున్న రెసిస్టర్‌కి ప్యారలల్‌గా చేరుతుంది, 1 మెగా ఓమ్ కాస్తా 0.909 అవుతుంది. ఆ విలువతో లెక్క వేయండి, సరిగ్గా 4.76 వస్తుంది. ఇందాకటి కిలో ఓమ్ సర్క్యూట్‌లోనూ ఇదే జరిగింది గానీ ఆ మార్పు మీటర్‌లో కనిపించనంత చిన్నది.

కాబట్టి రిజల్ట్ కింద ఇలా రాయండి: "లెక్క ప్రకారం 5.00 వోల్టులు, కొలిచింది 4.76, తేడా 4.8 శాతం. మీటర్ లోపలి 10 మెగా ఓమ్‌ని కలిపి లెక్కిస్తే 4.76 వస్తుంది, అందువల్ల ఈ తేడా మీటర్ లోడింగ్ వల్ల వచ్చింది." వైవాలో ఎందుకని అడిగితే, ఆ ప్యారలల్ లెక్క బోర్డు మీద వేసి చూపించండి.