మోకా పాట్ రివ్యూ: ఇంట్లో స్టవ్ మీద ఎస్ప్రెస్సో వస్తుందా?

అందరికీ నమస్తే. ముందు స్టవ్ వెలిగిస్తాను, మాటలు తర్వాత. ఎందుకంటే ఈ రోజు కాఫీ రెండుసార్లు చేసి చూపించాలి. ఒకసారి కొత్తగా కొన్నవాళ్లు మామూలుగా చేసే పద్ధతిలో, ఇంకోసారి చేయాల్సిన పద్ధతిలో. పొడి ఒకటే, పాట్ ఒకటే, నీళ్లు ఒకటే.

ఇదిగో, ఇది 3 కప్పుల మోకా పాట్, అంటే స్టవ్ మీద పెట్టి ఆవిరి ప్రెషర్‌తో కాఫీ దించే పాత్ర. కింది గిన్నెలో చల్లనీళ్లు పోశాను, మధ్యలో ఉన్న గరాటులో పొడి నింపి చెంచాతో గట్టిగా అదిమాను, పైన కూజా బిగించాను, మంట పెద్దది పెట్టాను. మంట గిన్నె అంచులు దాటి పైకి వస్తోంది చూడండి, అది కూడా కావాలనే.

ఇది అయ్యేలోపు అసలు ప్రశ్నకు వద్దాం. మా ఇంటికి వచ్చి దీన్ని చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే: దీంట్లో ఎస్ప్రెస్సో వస్తుందా, లక్ష రూపాయల మెషిన్ కొనక్కర్లేదా అని. రాదు. సూటిగా చెప్తున్నాను, ఆ ఆశతో అయితే కొనకండి. ఎస్ప్రెస్సో మెషిన్ దాదాపు 9 బార్ ప్రెషర్‌తో నీళ్లను పొడిలోంచి తోస్తుంది, ఇందులో వచ్చేది 1 నుంచి 2 బార్. అక్కడ 18 గ్రాముల పొడికి 36 గ్రాముల చిక్కటి కాఫీ అర నిమిషంలో దిగుతుంది, ఇక్కడ దాదాపు అంతే పొడికి 100 మిల్లీలీటర్లు పైనే వస్తుంది. అంటే ఇది ఎస్ప్రెస్సో కంటే బాగా పలచన, మామూలు బ్లాక్ కాఫీ కంటే బాగా చిక్కన. దీనికి సరైన పేరు మన ఇంట్లోనే ఉంది, డికాషన్. రాత్రి ఫిల్టర్‌లో వేసి పొద్దున్నదాకా ఆగే పని లేకుండా ఐదు నిమిషాల్లో దిగే డికాషన్. నా దృష్టిలో దీన్ని కొనాల్సింది అందుకే.

ఆ, విన్నారా? బుడబుడమంటోంది. ఎంత తొందరగా వచ్చేసిందో చూడండి, పైకి చిమ్ముతోంది. ఇంకాసేపు అలాగే ఉంచుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఆ శబ్దం ఆగేదాకా ఉంచుతారు. సరే, కట్టేశాను. కొంచెం కప్పులో పోసి పక్కన పెడుతున్నాను. వాసన ఇప్పుడే తెలుస్తోంది, వేరుశనగపప్పు ఒక్క నిమిషం ఎక్కువ వేయిస్తే వచ్చే మాడు వాసన.

పాట్ చల్లారాలి, వేడిమీద విప్పకూడదు. ఈలోగా దీని కథ కొంచెం చెప్తాను. ఇది 1933లో ఇటలీలో పుట్టింది, పీడ్‌మాంట్ ప్రాంతంలో క్రుసినాల్లో అనే ఊళ్లో, అల్ఫోన్సో బియలెట్టి అనే ఆయన అల్యూమినియం వర్క్‌షాపులో. మోకా అన్న పేరు యెమెన్‌లోని మోఖా రేవుది, ఒకప్పుడు ప్రపంచానికి కాఫీ అక్కడి నుంచే వెళ్లేది. కానీ ఇది ఇటలీలో ఇంటింటికీ చేరింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఆయన కొడుకు రెనాటో చేతుల్లో. పాట్ మీద వేలు పైకెత్తి నిలబడ్డ మీసాల మనిషి బొమ్మ ఉంటుంది కదా, ఆ ప్రచారమంతా రెనాటో కాలంలోదే. ఆయన 2016లో చనిపోయినప్పుడు అస్థికలను పెద్ద మోకా పాట్‌లోనే ఉంచి అంత్యక్రియలు చేశారు. ఒక వస్తువుతో అంత అనుబంధం నాకు చాలా నచ్చిన విషయం. తొంభై ఏళ్లు దాటినా ఆ ఎనిమిది పలకల ఆకారం మారలేదు. కరెంటు అక్కర్లేదు, పేపర్ ఫిల్టర్ అక్కర్లేదు, పాడయ్యే భాగం ఒక్క రబ్బరు గ్యాస్కెట్.

సరే, పాట్ కడిగాను. ఇప్పుడు రెండోసారి, దగ్గరగా చూపిస్తాను.

కింది గిన్నె లోపల పక్కన చిన్న ఇత్తడి మేకులాంటిది కనిపిస్తోందా, అది సేఫ్టీ వాల్వ్. కుక్కర్‌కు ఉన్నట్టే. నీళ్లు దాని కిందివరకే ఉండాలి, అది మునగకూడదు. ఈ సైజుకు 130 నుంచి 150 మిల్లీలీటర్లు పడతాయి. ఈసారి నీళ్లు ముందే కాచి పోస్తున్నాను. చల్లనీళ్లు పోస్తే అవి వేడెక్కేదాకా పైన ఉన్న పొడి కూడా వేడి గిన్నె మీద కూర్చుని కాలుతూ ఉంటుంది, వేడినీళ్లయితే ఆ సమయం తగ్గుతుంది. అయితే కింది గిన్నె కాలుతుంది కాబట్టి గుడ్డతో పట్టుకుని బిగించాలి. చేతులు తడిగా ఉన్నా, పిల్లలు పక్కన ఉన్నా ఈ పద్ధతి వద్దు, చల్లనీళ్లే పోసి మంట తగ్గించుకోండి, తేడా ఉంటుంది గానీ కొంపలు మునిగేంత కాదు.

పొడి. ఇక్కడే అసలు సంగతి అంతా ఉంది, కొంచెం ఓపికగా వినండి. మోకాకు పొడి సన్న ఉప్పులా ఉండాలి, వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలాలి. ఎస్ప్రెస్సో పొడి దీనికంటే సన్నం, మైదాకు దగ్గర. ఫ్రెంచ్ ప్రెస్, అంటే పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే జాడీ, దాని పొడి బరక, బొంబాయి రవ్వలా ఉంటుంది. సన్నమైతే నీళ్లు దారి దొరకక కింద ప్రెషర్ పెరుగుతుంది, బరకైతే నీళ్లు జారిపోయి పలచగా, పుల్లగా వస్తుంది. గరాటు నిండా పోయండి, 15 నుంచి 17 గ్రాములు పడుతుంది, వేలితో పైన చదును చేయండి, అంతే. అదమొద్దు. మెషిన్‌లో అదిమేది 9 బార్ ప్రెషర్‌కు ఎదురు నిలబడాలని, ఇక్కడ ఆ ప్రెషర్ లేదు. సగం పొడి వేసి సగం కాఫీ చేద్దామన్నా కుదరదు, నీళ్లు ఖాళీలోంచి తప్పించుకుని పోతాయి.

మరి మన ఫిల్టర్ కాఫీ పొడి వేయొచ్చా? చికోరీ కలిపిన పొడి వేయకండి. నేను మొదటి వారంలో అదే చేశాను, 70 పాళ్లు కాఫీ 30 పాళ్లు చికోరీ ఉన్న మెత్తటి పొడి. తడి తగలగానే అది బంకలా గట్టిపడి, ఎంతసేపటికీ పైకి చుక్క రాలేదు, చివరికి పాట్ బిగించే మరల దగ్గర పక్కనుంచి ఆవిరి, నల్లనీళ్లు కారి స్టవ్ అంతా పాడైంది. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను, పేలుతుందేమోనని. మీకు అలా జరిగితే పాట్‌ను ముట్టుకోకుండా ముందు స్టవ్ కట్టేయండి, పూర్తిగా చల్లారేదాకా విప్పొద్దు. ఇంకోసారి ఒక ఆన్‌లైన్ షాపు నుంచి మోకా గ్రైండ్ అని రాసి ఉన్న ప్యాకెట్ తెప్పిస్తే లోపల పిండిలాంటి పొడి వచ్చింది. కాబట్టి ప్యాకెట్ మీద రాసింది కాదు, వేళ్లకు ఏం తగులుతోందో నమ్మండి. చికోరీ రుచి లేకపోతే కాఫీ తాగినట్టుండదు అనేవాళ్లకు ఫిల్టరే సరైనది, దాన్ని వదిలేసి ఇది కొనమని నేను అనను.

నేను వాడేది అరకులో పండే అరబికా రకం కాఫీ, మధ్యస్థంగా వేయించినది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, నీడనిచ్చే చెట్ల కింద, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే కాఫీ, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ప్రాంతపు గింజ అన్న ప్రేమ ఉంది నిజమే, కానీ చెప్పేది రుచి చూసే చెప్తున్నాను. మరీ నల్లగా వేయించిన గింజ ఈ పాట్‌లో చేదెక్కుతుంది, లేతగా వేయించింది పులుపు చూపిస్తుంది, ఇది మధ్యలో నిలబడుతుంది. పాలతో చిక్కగా, కొంచెం నురగతో కావాలంటే రొబస్టా అనే ఇంకో రకం గింజ కొంత కలిపిన పొడి తీసుకోండి. ఇటలీవాళ్లు కూడా చాలా బ్లెండ్లలో రొబస్టా కలుపుతారు, పైగా మన దేశం నుంచి కాఫీ ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీ ముందు వరసలో ఉంటుంది, కాబట్టి అక్కడి మోకాల్లో మన గింజ ఎప్పటినుంచో ఉన్నట్టే.

ఇప్పుడు చిన్న బర్నర్ మీద, సిమ్‌కు కొంచెం పైన. మంట గిన్నె అడుగు దాటకూడదు, దాటితే ముందు పిడి కరుగుతుంది. మూత తెరిచే ఉంచుతున్నాను, మీకు కనిపించాలని. అడుగున గాలి, ఆవిరి వేడికి వ్యాకోచించి నీళ్లను గరాటు గొట్టంలోంచి పైకి తోస్తాయి. అందుకే నీళ్లు తెర్లకముందే ఎక్కడం మొదలవుతుంది. ఇదిగో వస్తోంది, ముదురు రంగులో, తేనెలా నెమ్మదిగా. ఇందాకటిలా చిమ్మడం లేదు. ఇలా నిశ్శబ్దంగా దిగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఇప్పుడు రంగు పలచబడుతోంది, లేత పసుపు నురగ మొదలైంది, శబ్దం రాబోతోంది, ఇక్కడ దించేయాలి. దించి అడుగును కుళాయి కింద రెండు క్షణాలు పెడతాను, వెంటనే ఆగిపోతుంది. ఆ బుడబుడ శబ్దం ఎందుకొస్తుందంటే, నీటిమట్టం గొట్టం కిందికి పడిపోయి ఇక ఆవిరే పొడిలోంచి పోతోందని, ఆ చివరి ఆవిరే చేదంతా లాక్కొస్తుంది. అడుగున కాసిని నీళ్లు మిగులుతాయి, అది లోపం కాదు, ఎప్పుడూ అలాగే ఉంటుంది.

రుచి. ముందు మొదటి కప్పు. చేదు నాలుక చివర కాదు, గొంతులో పట్టుకుంటోంది, చక్కెర వేసినా పోయే చేదు కాదిది. ఇప్పుడు రెండోది. చిక్కదనం ఉంది, కొంచెం బెల్లం పాకం గుర్తొచ్చే తీపి వాసన ఉంది, చేదు వచ్చి వెళ్లిపోతోంది. మోకా కాఫీ చేదుగా ఉంటుందని చెప్పి అటకెక్కించినవాళ్లు నాకు ముగ్గురు నలుగురు తెలుసు, వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే, మంట తగ్గించి ముందే దించి ఒక్కసారి చూడండి.

పాలతో అయితే 60 మిల్లీలీటర్ల డికాషన్‌కు 100, 120 దాకా మరిగిన చిక్కటి పాలు. మంచి కేఫ్ లాటేకు దగ్గరగా ఉంటుంది, కానీ మా అమ్మ మాత్రం దీన్ని ఇత్తడి ఫిల్టర్ కాఫీతో సమానం అనదు, బాగుంది అంటుంది, వేరు అంటుంది. నేనూ అదే అంటాను. మా ఇంట్లో పొద్దున ఫిల్టర్, సాయంత్రం నాలుగింటికి ఇది.

కొనేముందు కొన్ని విషయాలు. కప్పుల లెక్క చూసి మోసపోకండి, అది ఇటలీ కప్పు, 50 మిల్లీలీటర్లు కూడా ఉండదు. 3 కప్పులది అంటే మనకు ఇద్దరికి పాల కాఫీ, బ్లాక్ తాగితే ఒక్కరికే. నలుగురున్న ఇంటికి 6 కప్పులది తీసుకోండి. ఇంకోటి, చిన్న పాట్ మన గ్యాస్ స్టవ్ కడ్డీల మధ్య నిలబడదు, ఒరిగిపోతుంది. పైన పెట్టుకునే చిన్న ఇనుప స్టాండు దొరుకుతుంది, పాట్‌తో పాటే కొనేయండి, వేడి కాఫీ మీద పడే ప్రమాదం కంటే అది చాలా చవక. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లకు మామూలు అల్యూమినియం పాట్ పనిచేయదు, ఇండక్షన్‌కు సరిపోతుందని రాసి ఉన్న స్టీల్ పాట్ తీసుకోవాలి, అయస్కాంతం అడుగుకు అంటుకుంటే సరే.

బియలెట్టి కొనాలా, లోకల్ కొనాలా? ఇటలీ పాట్ ధర లోకల్ దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. నేను మొదట కొన్నది చవక పాట్, పేరు చెప్పను, మరలు సరిగ్గా కూర్చోక నెలలోపే పక్కనుంచి ఆవిరి కారింది. ఇప్పుడు వాడుతున్నది బియలెట్టి, రెండేళ్లయింది, ఒక్క చుక్క కారలేదు. లోకల్ పాట్‌లన్నీ చెడ్డవని కాదు, దుకాణంలో చేత్తో బిగించి చూసి, విడి గ్యాస్కెట్ దొరుకుతుందా అని అడిగి కొనండి.

కొత్త పాట్‌లో మొదటి మూడుసార్లు చేసిన కాఫీ పారబోయాలి, అందుకు పాత పొడి వాడుకోండి. అల్యూమినియం పాట్‌ను స్టీలు పీచుతో తోమొద్దు, డిష్‌వాషర్‌లో అసలు పెట్టొద్దు, నల్లబడి పొడిలా రాలుతుంది. వేడినీళ్లతో కడిగి, మూడు భాగాలూ విడదీసి ఆరబెట్టాలి, తడిమీద బిగించి పెడితే లోపల ముక్కిన వాసన వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, వాల్వ్ దగ్గర కూడా. నీళ్లలో నిమ్మరసం పిండి, పొడి వేయకుండా ఒకసారి స్టవ్ మీద పెడితే చాలావరకు పోతుంది. గ్యాస్కెట్ గట్టిపడినా, పగుళ్లు కనిపించినా మార్చేయండి, ఏడాదికోసారి మార్చితే బెంగ ఉండదు. కుక్కర్ గ్యాస్కెట్ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటామో ఇక్కడా అంతే.

పాలు మరిగాయి, రెండో కాఫీలో సగం అమ్మకు కలపాలి, చల్లారితే ఒప్పుకోదు. ఉంటానండి.