తీర్పు చెప్పాక ఆటగాడికి ఏమవుతుంది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు నిర్వాహకులు ఇప్పటికే చదివారు, నేను మళ్లీ చదివితే ఉన్న సమయం కాస్తా అయిపోతుంది. నాకిచ్చిన అంశం "చారిత్రక హత్యా పరిశోధన ఆటలు, ఆటగాళ్ల భావోద్వేగాలు". ఇంత పెద్ద అంశాన్ని మొత్తం పట్టుకోలేను, ఒక్క ఆట పట్టుకుంటాను. అబ్సిడియన్ సంస్థ 2022 నవంబరులో విడుదల చేసిన పెంటిమెంట్ అనే వీడియో గేమ్. ఇంకా ఆడనివాళ్లు చెవులు మూసుకోండి, కథ బయటపెట్టకుండా ఈ మాట చెప్పడం కుదరదు.

1518వ సంవత్సరం. జర్మన్ ప్రాంతమైన బవేరియాలో టాసింగ్ అనే కల్పిత ఊరు, పక్కనే ఒక మఠం. నురెంబర్గ్ నుంచి వచ్చిన చిత్రకారుడు ఆండ్రియాస్ మాలర్ ఆ మఠంలో రాతప్రతులకు బొమ్మలు వేస్తుంటాడు. మనం ఆడేది ఆయన పాత్రే. బారన్ రోత్‌ఫోగెల్ అనే ప్రభువు హత్య జరుగుతుంది. శవం దగ్గర ముసలి లేఖకుడు పియెరో దొరికిపోతాడు. ఆయన చంపలేదని మనకు తెలుసు. కానీ ఆయన బయటపడాలంటే తీర్పు చెప్పడానికి వచ్చిన చర్చి అధికారి ఆర్చిడీకన్ ముందు ఇంకొకరి మీద సాక్ష్యం పెట్టాలి. అనుమానితులు నలుగురు. మనం వేలు చూపించినవాళ్ల ప్రాణం పోతుంది.

ఇక్కడే నా ఫిర్యాదు. ఈ ఆట పేరెత్తగానే ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే: "అసలు హంతకుడెవరు?" ఆట తేల్చదండీ. ఎక్కడా తేల్చదు. అయినా ఆట పూర్తవగానే పరీక్ష రాసి వచ్చి జవాబు పత్రం కోసం వెతుక్కున్నట్టు వాక్‌త్రూలు, అంటే ఆటను అడుగడుగునా ఎలా ఆడాలో చెప్పే గైడ్లు, తిరగేస్తారు. వాటిలో ఎవరో "సరైన నిందితుడు ఫలానా" అని రాసి ఉంటారు. దాంతో ఒక ప్రాణం తీశామన్న బరువు కాస్తా మార్కుల లెక్క అయిపోతుంది. రచయితలు కష్టపడి కట్టినదంతా ఆ ఒక్క వాక్యం దగ్గర కూలిపోతుంది.

ఆ బరువు ఎలా పుడుతుందో చూద్దాం. మీలో ఆటలు తయారుచేసేవాళ్లు ఇది రాసుకోండి.

మొదటిది కాలం. రోజును పూటలుగా విడగొట్టారు. కొన్ని పనులు చేస్తే పూట గడిచిపోతుంది. ఊరి ఆడవాళ్లు నూలు వడికే చోట కూర్చుని కబుర్లు వింటే ఇంకో చోటికి వెళ్లే అవకాశం పోతుంది. ఒక్కసారి ఆడితే అన్ని ఆధారాలూ ఎవరికీ దొరకవు. కాబట్టి తీర్పు రోజున ఆటగాడి చేతిలో ఉండేది సగం సాక్ష్యం, మిగతా సగం దొరకకపోవడానికి కారణం తన ఎంపికలే. మొదట ఆట మీద కోపం వస్తుంది. కాసేపటికి ఆ కోపం తన మీదికే తిరుగుతుంది. ఈ మలుపు రాకపోతే మిగతా ఏ ఉపాయమూ పనిచేయదు.

రెండోది భోజనం. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే విమర్శకులు దీన్ని రంగుల అలంకారంగా కొట్టిపారేస్తారు. ఆండ్రియాస్ ఊళ్లోవాళ్ల ఇళ్లలో బల్ల ముందు కూర్చుంటాడు. ఏ పదార్థం ఎప్పుడు తీసుకోవాలో మనమే ఎంచుకుంటాం, ఆ మధ్యలో మాటలు సాగుతాయి. పేదవాళ్ల బల్లకూ, కలిగినవాళ్ల బల్లకూ తేడా కళ్లకు కనిపిస్తుంది. వాళ్ల రొట్టె తిన్న చేతితోనే తర్వాత వాళ్ల మీద సాక్ష్యం పెట్టాలి. ఏడేళ్లకు, 1525 రైతుల తిరుగుబాటు నాటికి, అదే ఊరికి తిరిగొస్తాం. అప్పటి పిల్లలు ఎదిగి ఉంటారు, కొందరు ఉండరు. ఎవరినైతే చంపించామో వాళ్లవాళ్లు మన ముందే తిరుగుతుంటారు. ఈ బల్లల దగ్గర కూర్చోకుండా నేరుగా విచారణకు పరుగెత్తినవాళ్లకు ఆ తిరిగిరావడం చప్పగా అనిపిస్తుంది. తప్పు వాళ్లది కాదు, అలా పరుగెత్తనిచ్చే ఆటది.

మూడోది అక్షరాలు. ఈ ఆటలో గొంతు నటన లేదు. మఠంవాళ్ల మాటలు పాత రాతప్రతుల లిపిలో వస్తాయి, రైతులవి గీకినట్టుండే రాతలో, ముద్రాపకుడివి అచ్చు అక్షరాల్లో. కోపం వస్తే సిరా చిందుతుంది. తప్పు రాసి దిద్దుకుంటారు. దేవుడి పేరు చోటు ఖాళీగా వదిలి తర్వాత ఎర్ర సిరాతో నింపుతారు. ఒక మనిషి మనం అనుకున్నదానికన్నా చదువుకున్నవాడని ఆండ్రియాస్‌కు తెలిస్తే, సంభాషణ మధ్యలోనే ఆ మనిషి లిపి మారిపోతుంది! అంటే అక్షరాల్లో కనిపిస్తున్నది ఎదుటివాడు కాదు, ఎదుటివాడి మీద మన అంచనా. ఆ అంచనాతోనే మనిషిని చంపిస్తున్నామని ఎంతమంది గమనించారు? చేతులెత్తండి. సరే, దించండి.

ఆటలో ఎదుటివాళ్లను ఒప్పించాల్సిన ఘట్టాల గురించి ఒక్క మాట. ఎప్పుడో తేలిగ్గా అనేసిన మాటలు లెక్కలోకి వచ్చి, ఏది కలిసొచ్చిందో ఏది చెడగొట్టిందో తెర మీద కనిపిస్తాయి. పాత నోటి దురుసుకు ఇప్పుడు మూల్యం కడతాం.

2018లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ దీనికి ఎదురుగా నిలుస్తుంది. 1807లో మనుషుల్లేకుండా రేవు చేరిన ఓడ, అందులోని 60 మందిలో ఎవరి గతి ఏమైందో ఆటగాడు రాయాలి. ముగ్గురి గతి సరిగ్గా రాయగానే అవి సరైనవేనని ఆట ఖాయం చేస్తుంది. అక్కడ కలిగేది ముడి విప్పిన ఆనందం. గొప్ప ఆట, అందులో సందేహం లేదు. కానీ ఖాయం చేసే పద్ధతిని తెచ్చి టాసింగ్‌లో పెడితే పశ్చాత్తాపం ఎగిరిపోతుంది.

ఇక ఇలాంటివి కట్టాలనుకునేవాళ్లు ఎక్కడ బోర్లా పడతారు? నలుగురు అనుమానితులకూ సాక్ష్యం సమానంగా పంచుతారు. అప్పుడు ఆటగాడు నాణెం ఎగరేసినట్టు ఎంచుకుంటాడు, బాధపడడు. అలా కాకుండా ఒక్కొక్కరికి ఒక్కో లోటు పెట్టండి. ఒకరికి బలమైన కారణం ఉండి అవకాశం అనుమానంగా ఉండాలి, ఇంకొకరికి అవకాశం ఉండి కారణం సన్నగా ఉండాలి. ఎవరికీ అన్నీ కలవకూడదు. శిక్ష అమలయ్యే దృశ్యాన్ని దాటేసే బటన్ పెట్టకండి. చివర్లో నిజం చెప్పేయాలన్న దురద అందరికీ ఉంటుంది, చెప్పకండి.

పరీక్షించేటప్పుడు "బాగుందా" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. తీర్పు ఘట్టం అయ్యాక ఆట ఆపించి, తెల్ల కాగితం ఇచ్చి, మీరు చూపించిన మనిషి ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారో రాయమనండి. పేర్లు వస్తే ముందుకు వెళ్లండి. కాగితం ఖాళీగా వస్తే విచారణ ఘట్టాన్ని ముట్టుకోవద్దు, భోజనాల సన్నివేశాలు మళ్లీ రాయండి.