అందరికీ మొహమాటమే: ద బర్డ్స్, 1973

అక్క: నమస్తే. ఈ వారం మనం వినేది అమెరికన్ రాక్ బ్యాండ్ ద బర్డ్స్ ఆల్బమ్. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు.

తమ్ముడు: సొంత పేరు చూసి ఇది వాళ్ళ మొదటి ఆల్బమేమో అనుకున్నానక్కా.

అక్క: కాదురా, చివరిది. 1973 మార్చిలో వచ్చింది. 1965లో 'మిస్టర్ టాంబురిన్ మ్యాన్'తో ఫోక్ రాక్‌ని, అంటే జానపద బాణీకి రాక్ జోరు కలిపిన సంగీతాన్ని, ఊరూరా మోగించిన ఐదుగురూ మళ్ళీ కలిసి చేశారు. రోజర్ మెగ్విన్, జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ, క్రిస్ హిల్‌మన్, డ్రమ్స్ మైకేల్ క్లార్క్. జీన్ 1966లోనే వెళ్ళిపోయాడు. ఆయనకి విమానం అంటే భయం.

తమ్ముడు: బ్యాండ్ పేరేమో బర్డ్స్!

అక్క: అదే మరి. ఇక క్రాస్బీనైతే 1967లో మెగ్విన్, హిల్‌మన్ ఇంటికెళ్ళి మరీ తీసేశారు. ఈ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ ఎవరో తెలుసా? ఆ క్రాస్బీనే.

తమ్ముడు: అబ్బో! గొడవలతో స్టూడియో దద్దరిల్లి ఉంటుంది.

అక్క: గొడవపడినా బాగుండేదేమో. నాకైతే ఇందులో మొహమాటమే వినిపిస్తుంది. మొత్తం 11 పాటలు. నలుగురు రాసేవాళ్ళు, తలా రెండు. లెక్కపెట్టి వడ్డించినట్టు లేదూ? మిగతా మూడూ బయటివాళ్ళవి. పాటలు తామే రాసి పాడే గాయకులు వాళ్ళు: రెండు నీల్ యంగ్‌వి, ఒకటి జోనీ మిచెల్‌ది.

తమ్ముడు: మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత...

అక్క: ఆపరా బాబూ, పిల్లలు కూడా వింటారు.

తమ్ముడు: సరే సరే. నాకు లోటు అనిపించింది ఆ గిటార్. మెగ్విన్ 12 తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ గలగలమంటేనే కదా బర్డ్స్! ఇందులో ఎక్కడో వెనక గదిలో మోగుతున్నట్టుంది.

అక్క: సన్నాయి లేని పెళ్ళి. అప్పటి విమర్శకులూ పెదవి విరిచారు. అయినా అమెరికా చార్టులో 20వ స్థానం దాకా వెళ్ళింది. పాత పేరు మీద నమ్మకం!

తమ్ముడు: మరి ఎందుకు వినమంటున్నావు?

అక్క: జీన్ క్లార్క్ కోసం. 'ఫుల్ సర్కిల్' ఆయనదే. నీల్ యంగ్ పాటలు రెండూ ఆయనే పాడాడు. వాటిలో 'సీ ద స్కై అబౌట్ టు రెయిన్' నీల్ సొంత ఆల్బమ్‌లో వచ్చింది 1974లో, అంటే వీళ్ళ తర్వాత. అందరూ సర్దుకుపోతుంటే ఆయన గొంతులో మాత్రం దిగులు దాగలేదు.

తమ్ముడు: ఒక్క మాట అక్కా. వీళ్ళు మొదట్లో లాస్ ఏంజెలిస్‌లో రిహార్సల్ చేసుకున్నది వరల్డ్ పసిఫిక్ స్టూడియోలో. మన పండిట్ రవిశంకర్ రికార్డింగులు చేసిన చోటు. ఆ సితార్ పిచ్చి క్రాస్బీకి అక్కడే పట్టింది. 1966లో 'ఎయిట్ మైల్స్ హై' గిటార్‌లో ఆ ఛాయ ఉంది. అంత తెగువ ఉన్నవాళ్ళు 1973లో ఇంత జాగ్రత్తగా వాయించారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అక్క: ఈ ఐదుగురూ మళ్ళీ ఒకే వేదిక మీద వాయించింది 1991 జనవరిలో, రాక్ సంగీతంలో గొప్పవాళ్ళని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వీళ్ళని చేర్చినప్పుడు. ఆ మేలోనే జీన్ పోయాడు. ఇప్పుడు మెగ్విన్, హిల్‌మన్ ఇద్దరే మిగిలారు.

తమ్ముడు: 'ఫుల్ సర్కిల్' పెట్టనా?

అక్క: పెట్టు. మధ్యలో మాట్లాడావంటే ఊరుకోను.